వంక పెట్టని ఏడాది

మహారాష్ట్ర అంచున, సిరోంచలో, ప్రాణహిత ఒడ్డుకు దగ్గరగా రేవు వాడ అని ఒక గల్లీ ఉంది. వంతెన కట్టాక రేవుతో ఎవరికీ పని లేకుండా పోయింది. పడవలు పోయాయి, పడవవాళ్లు పోయారు, పేరు మాత్రం మిగిలింది. ఆ వాడలో ఉగాదినాటి సాయంత్రం అందరూ ఒకచోట చాపలు పరుచుకుని కూర్చుంటారు. ఇంటికో పళ్లెం వస్తుంది. గారెలు, సకినాలు, పోలెలు, ఈ మధ్య ఫోన్లో చూసి నేర్చుకున్న కొత్త రకాలు కూడా వస్తున్నాయి. పళ్లేలన్నీ మధ్యలో పెట్టి, తలా ఒకటి తిని, వంకలు పెడతారు.

అదే పండుగ. పచ్చడి పొద్దున్నే ఇంట్లో తాగేస్తారు. పంచాంగం గుడి దగ్గర వింటారు, ఇంటికొచ్చేలోపు మరిచిపోతారు. సాయంత్రానికి మిగిలేవి వంకలే. గారె గట్టిగా ఉంటే గట్టిగా ఉందంటారు, మెత్తగా ఉంటే మెత్తగా ఉందంటారు, అన్నీ సరిగ్గా కుదిరితే చిల్లు నడిమధ్యన లేదంటారు. "బాగుంది" అన్న మాట ఆ చాపల మీద వినపడదు. అది కొత్తగా బదిలీ మీద వచ్చిన అధికారులకు చెప్పే మాట, వియ్యంకులకు చెప్పే మాట, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినవాళ్లకు చెప్పే మాట. తమవాళ్లకు చెప్పేది కాదు.

ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. జగ్గయ్యకు మాత్రం ఒక సిద్ధాంతం ఉంది. ఆయన మరాఠీ బడిలో గురూజీగా చేసి రిటైరైన మనిషి గనుక ఆయనకు ప్రతిదాని మీదా ఒక సిద్ధాంతం ఉంటుంది. ఒకప్పుడు ఈ వాడవాళ్లకు గుంట భూమి లేదు, అంతా ఆసాముల పొలాల్లో నాట్లకూ కోతలకూ పోయేవాళ్లు. ఆసామి ఇంట్లో పెట్టిన సద్ది పులిసినా, పురుగున్నా, "మంచిగున్నది దొరా" అనే తినేవాళ్లు. ఆ మాట అక్కడ అని అని నోరు అరిగిపోయి, సొంత వాడకు వచ్చాక దాన్ని నోట్లోకి రానియ్యలేదట. ఇప్పుడు ఆ ఇళ్లలోంచి టీచర్లు, నర్సులు, తహసీల్ ఆఫీసు బాబులు వచ్చారు. ఆసామి ఎవరో పిల్లలకు తెలియదు. అలవాటు మాత్రం ఉండిపోయింది.

తెలియనివాళ్లు ఈ అలవాటు వల్ల దెబ్బ తిన్నారు. కృష్ణకాంత్ అనే ఫారెస్టు గుమాస్తా నాగ్‌పూర్ వైపు మనిషి, ఆ వాడలో కిరాయికి ఉంటాడు. అంతకుముందు కమలాపూర్ ఏనుగుల క్యాంపులో పనిచేశాడు. ఏనుగులకు తిండి నచ్చకపోతే తొండంతో తీసి అవతల పడేస్తాయి, నచ్చితే తింటాయి, ఏ మాటా చెప్పవు. అలాంటిచోటి నుంచి వచ్చిన మనిషి మొదటి ఉగాదికి మర్యాదగా ఆగమ్మ చేసిన సకినం తిని, వచ్చీరాని తెలుగులో, "చాలా బాగుంది తాయీ" అన్నాడు. ఆగమ్మ మొహం మాడిపోయింది. "నేనేమన్న పరాయిదాన్నా? ఇంటి ముందల నీళ్లు పట్టుకుంటడు, నా బిందె జరుపుతడు, గింత మాట అంటడా?" అని ఆ వానాకాలం దాకా ఆయనతో మాట్లాడలేదు. మరుసటి ఏడు ఆయన అదే సకినం కొరికి, పన్ను పట్టుకుని, "ఆగమ్మా, దీన్ని రోడ్డు కాంట్రాక్టర్‌కు అమ్ము" అన్నాడు. అప్పటి నుంచి ఆయన ఆ వాడ మనిషి.

ఈ వాడలో అందరికంటే ఎక్కువ వంకలు పడేది అరుంధతికి. అంటే ఆమె చెయ్యి అంత మంచిదని.

ఆమెది రేగుంట. తల్లీతండ్రీ మిరప తోటల్లో కూలికి పోతుంటే గట్టు మీద కూర్చుని మరాఠీ ఎక్కాలు వల్లించిన పిల్ల. పది దాకా చదివింది. సిరోంచ కోడలై వచ్చి, అంగన్‌వాడీ సేవికగా చేరి, ఇప్పటికీ అదే పనిలో ఉంది. లెక్క మరాఠీలో చూస్తుంది, అధికారులతో హిందీలో మాట్లాడుతుంది, కొట్లాట మాత్రం తెలుగులోనే. ఆ ఊళ్లో సగంమంది అలాంటివాళ్లే. ఏటి ఒడ్డుకు వెళితే ఫోన్ కూడా తాను మహారాష్ట్రలో ఉన్నానో తెలంగాణలో ఉన్నానో తేల్చుకోలేక నిమిషానికో స్వాగతం పంపిస్తుంది. మనుషులకు ఆ బాధ లేదు, వాళ్లు రెండుచోట్లా ఉంటారు.

భర్త మారయ్య. వంతెన రాకముందు పడవ నడిపేవాడు, వచ్చాక బియ్యం మిల్లులో కాపలాకు చేరాడు. పొడుగు మనిషి, మాట తక్కువ. ఆ తక్కువ మాటల్నీ తిండి మీదే వాడేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలి, ఏటివైపు చూసేవాడు. ఆ చూపు చూసి అరుంధతి ఉప్పో కారమో ముందే చెప్పగలిగేది. "పప్పు ఉడకలే." "చారు సల్లగైంది." "ఈ తొక్కు నిన్ననే మంచిగుండె." పెళ్లైన నాటి నుంచి ఒక్క పూట కూడా మానలేదు. ఆమె కూడా ఒక్క పూట ఊరుకోలేదు. "అట్లయితే నువ్వే వండుకో, నీ చేతులేమన్న తెడ్డుకు కట్టేసిండ్రా?" అనేది. అలా వాళ్ల కాపురం ఎవరికీ ఏ ఫిర్యాదూ లేకుండా నడిచింది. కూతురు తిరుమల చంద్రపూర్‌లో నర్సు. తన పెళ్లిచూపులనాడు, "అబ్బాయి మంచోడే, గని మా బాపు లెక్క తిండికి వంక పెట్టడు" అని ఒకింత అనుమానపడింది.

పోయిన వైశాఖంలో మారయ్య మిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. వాడవాళ్లు వడదెబ్బన్నారు, డాక్టరు గుండె అన్నాడు. ఆ వారం ఎండ ఎలా ఉందంటే ఎవరి మాటా కొట్టిపారెయ్యడానికి లేదు.

అప్పటి నుంచి అరుంధతి వంటకు ఎవరూ వంక పెట్టలేదు.

మొదట్లో ఆమె గమనించలేదు. దినకర్మలు అయ్యాక మనుషులు కొంతకాలం మెత్తగా మాట్లాడతారు, అది ఎక్కడైనా ఉన్నదే. కానీ ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది, బతుకమ్మ పోయింది, మాటలు మెత్తగానే ఉన్నాయి. ఒకనాడు వంకాయ కూర అడుగంటింది. పారబోయబోయి, ఆగి, ఒక గిన్నెలో పెట్టి నర్సక్కకు పంపింది. నర్సక్క మారయ్యకు సొంత అక్క, ఎదురిల్లే. అరుంధతి కోడలై వచ్చిన రోజున పెట్టిన చాయ్‌లో పంచదార తక్కువైందన్న సంగతి నిన్నమొన్నటిదాకా గుర్తుచేసిన మనిషి. సాయంత్రానికి నర్సక్క గిన్నె తోమి తెచ్చిచ్చింది. లోపల బెల్లం ముక్క కూడా పెట్టింది.

"మంచిగుండె పిల్లా కూర," అంది నర్సక్క.

"మాడు వాసన రాలేదా వదినె?"

"ఏం మాడు? కమ్మగ ఉండె." అని చూపు తిప్పుకుంది.

అరుంధతికి ఆ రోజు భయమేసింది. వాడంతా ఒక్క మాట మీద ఉందని అర్థమైంది. ఆమెను ఎవరూ ఏమీ అనడం లేదు. చీపురు గుమ్మంలో వదిలినా అనడం లేదు, నల్లా దగ్గర ముందు నిలబడినా జరిగి దారిస్తున్నారు. ఊళ్లో ఆమెకు ఇంకా నిజం చెబుతున్నవాళ్లు అంగన్‌వాడీ పిల్లలే. "టీచర్, ఖిచిడి పలసగున్నది" అని పళ్లెం తోసేవాళ్లు. ఆ మాట కోసం ఆమె ఆదివారం ఎప్పుడు గడుస్తుందా అని ఎదురుచూసేది.

ఉగాది దగ్గరపడింది. ఏడాది ఇంకా నిండలేదు. ఏడాది నిండని ఇంట్లో పండుగకు పొయ్యి మీద కడాయి పెట్టరాదన్నది ఆ వాడ కట్టుబాటు. గారెలు లేవు, సకినాలు లేవు, నూనెలో వేసేది ఏదీ లేదు. చుట్టుపక్కలవాళ్లే తెచ్చి పెడతారు. నర్సక్కా ఆగమ్మా కలిసి వచ్చి ఆ మాటే చెప్పారు.

"ఈ ఏడు నువ్వేం చెయ్యకు పిల్లా. ఒచ్చి కూసో చాలు. అందరం తెచ్చి పెడ్తం."

"పళ్లెం లేకుంట ఎట్ల కూసోవాలె?"

"పళ్లెందేమున్నది? నువ్వుంటే చాలు," అంది ఆగమ్మ. అంతటి మెత్తని మాట ఆగమ్మ నోట ఇంతకుముందు ఎవరూ వినలేదు.

వాళ్లు వెళ్లాక అరుంధతి గడపలో కూర్చుని లెక్క వేసుకుంది. వచ్చే ఏటికి ఈ మెత్తదనం అలవాటైపోతుంది. పళ్లెం ఒక్క ఏడు ఆగిందంటే ఆమె చోటు చాప అంచుకు జరుగుతుంది, ఇక బతికినన్నాళ్లూ "నువ్వుంటే చాలు" అనిపించుకుంటూ కూర్చోవాలి. ఆమెకు కావలసింది ఒక్కటే. ఉగాదినాడు తన పళ్లెం చాప మధ్యన ఉండాలి, అందులోంచి తీసుకుని ఒక్కరైనా వంక పెట్టాలి.

మరునాడు జగ్గయ్య ఇంటికి వెళ్లింది. ఆయన వాకిట్లో మరాఠీ పేపర్ చదువుతున్నాడు.

"కాకా, ఒక మాట అడుగుదామని ఒచ్చిన."

"అడుగు బిడ్డా. కూసో."

"ఏడాది నిండనింట్ల నూనె పెట్టద్దంటరా, కడాయి పెట్టద్దంటరా?"

జగ్గయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇలాంటి ప్రశ్న కోసం ఆయన చాలా ఏళ్లుగా కాచుకుని ఉన్నట్టున్నాడు. "నూనె," అన్నాడు.

"పొద్దుగాల పప్పుల పోపు పెట్టిన. నూనెతోనే పెట్టిన."

"పోపుకు పట్టింపు లేదు."

"అయితే కడాయి అన్నట్టు."

"ఆఁ, కడాయే."

"కుక్కర్ల నూనె పోసి గారెలేస్తే?"

జగ్గయ్య పేపర్ మడిచి పక్కన పెట్టాడు. "కుక్కర్ మా తాతల కాలంల లేకుండె."

"అందుకే అడుగుతున్న."

"చూడు బిడ్డా, నూనెల మునిగి తేలేటిదేదీ చెయ్యద్దు. దేంట్లనన్న సరే. గదీ లెక్క."

"ఆవిరికి ఉడికేటిది?"

"ఆవిరిల మునుగుడు లేదు గద."

"లేదు."

"తేలుడు లేదు."

"అదీ లేదు."

"అట్లయితే తప్పు లేదు," అన్నాడు జగ్గయ్య. తీర్పు చెప్పేశాక ఆయనకు సంగతి వెలిగింది. "గని నీకెందుకీ పరేషాన్? జర నిమ్మలంగ కూసోరాదు. మేం తెచ్చి పెడ్తం గద."

"పెడ్తరు కాకా. నేను పెట్టినా తింటరు. తిని బాగుందంటరు."

"అంటరు మరి. ఏడాది నిండనియ్యి."

"సచ్చినోళ్ల మీద వంక పెట్టద్దంటరు, అది కట్టుబాటే. ఏడాది నిండేదాక నేను సచ్చినోళ్లల్ల జమనా, బతికినోళ్లల్ల జమనా? అది గూడ చెప్పు."

జగ్గయ్య మడిచిన పేపర్‌ను విప్పి, మళ్లీ మడిచాడు. "చాయ్ తాగుతవా?" అన్నాడు.

ఆవిరి వంటలు తెల్లగా ఉంటాయి. తెల్లటి కుడుములు పండుగ పళ్లెంలో పెడితే, ఎవరింట్లోనో పత్యం కోసం చేసినవి దారి తప్పి వచ్చాయనుకుంటారు. అందుకని రంగులెయ్యాలనుకుంది. పక్కింటి కోడలు సింధూజ సాయానికి వచ్చింది. మంచిర్యాల పిల్ల, డిగ్రీ చదివింది, ఏ వంటైనా ముందు ఫోన్లో చూసి తరువాత పొయ్యి వెలిగిస్తుంది.

"అత్తమ్మా, ఫుడ్ కలర్ కిరాణంల దొరుకుతది. తేవాల్నా?"

"కిరాణం రంగు నీ చున్నీకేసుకో."

రంగుల కోసం అరుంధతి ఊరంతా తిరిగింది. ఎరుపుకు బీట్‌రూట్ అంగట్లోనే దొరికింది. ఆకుపచ్చకు పాలకూర పెరట్లో ఉంది. నీలానికి అంగన్‌వాడీ గోడ మీద పాకిన శంఖపూలు కోసింది. పసుపుకు ఇంట్లో పసుపు ఉంది గానీ దానికి మనసొప్పలేదు. అసరల్లి బాట మీదికి పోయి మోదుగ పూలు ఏరుకొచ్చింది.

మోదుగ గురించి పాతకాలపు కవులు చాలా రాశారు. చిలుక ముక్కన్నారు, అడవికి నిప్పంటుకుందన్నారు. ఆ కవులెవరూ ఫాల్గుణంలో సిరోంచ నుంచి అసరల్లి బాట పట్టినట్టు లేదు. పట్టి ఉంటే, ఆకు ఒక్కటి లేని కొమ్మ మీద ఆ ఎరుపు చూసి, వర్ణన మానేసి నీడ వెతుక్కునేవాళ్లు. ఈ ప్రాంతంలో వసంతం అనేది చలికీ ఎండకీ మధ్య సందులో తొందరగా దాటిపోయే వ్యవహారం. కోయిల కూయడం మొదలుపెట్టేలోపే కూలర్లు బయటికి వస్తాయి. అందుకే కాబోలు ఇక్కడివాళ్లు వసంతాన్ని చూస్తూ కూర్చోరు. పూలు ఏరి ఇంటికి తెచ్చుకుని ఏదో ఒకటి చేసుకుంటారు.

"ఇవి హోళీకి మీద పోసుకునేటియి గద. తింటరా?" అంది సింధూజ.

"మా అవ్వ దగ్గొస్తే మరిగిచ్చి తాపేది. నేను సావలే."

మోదుగ పూలు వేడినీళ్లలో వేసి మూత పెడితే తెల్లారేసరికి నీళ్లు నారింజ రంగుకు తిరిగాయి. ఆ నీళ్లతో ఒక ముద్ద, బీట్‌రూట్ రసంతో ఒక ముద్ద, శంఖపూల నీళ్లతో ఒకటి, పాలకూర రసంతో ఒకటి, బియ్యప్పిండి కలిపింది. లోపల పెట్టడానికి శనగపప్పు ఉడికించి, పచ్చిమామిడి తురుము, అల్లం, మిరపకాయ, కొత్తిమీర వేసి కచ్చాపచ్చాగా దంచింది. ఒక్కో కుడుము ఒక్క నోటికి పట్టేంత. గంజులో నీళ్లు పోసి, మూతికి పాత ధోతి గుడ్డ బిగించి కట్టి, దాని మీద ఒక్కో రంగూ వేరువేరుగా పేర్చి, పైన గిన్నె బోర్లించింది. ఆవిరి పట్టగానే రంగులు ఒక్కసారి ముదిరాయి.

"మస్తున్నయి అత్తమ్మా. వీటిని స్టార్టర్స్ అంటరు తెల్సా? తినేటందుకు ముందు తినేటియి."

"తినేటందుకు ముందే తింటే, తినేటప్పుడేం జేస్తరు?"

సింధూజ ఆలోచించి, "ఫోన్ చూస్తరు," అంది.

ఇదంతా ఎందుకు చెప్పడమంటే, అంత శ్రద్ధగా చేసిన వంటలో అరుంధతి ఒక పని కావాలని చేసింది. ఆకుపచ్చ కుడుముల్లో, పిండిలోనూ లోపలి పప్పులోనూ, ఉప్పు వెయ్యలేదు. పడవవాడి భార్య ఆమె. గాలానికి ఎర లేకుండా చేప పడదని తెలుసు. అన్ని రంగులూ సరిగ్గా కుదిరితే జాలిగలవాళ్లకు తప్పించుకోవడం సులువు. ఉప్పే లేనిదాన్ని నోట్లో పెట్టుకుని ఎవరు ఊరుకోగలరు?

సింధూజ పక్కనే ఉంది. "అత్తమ్మా, పచ్చదాంట్ల ఉప్పెయ్యలే," అంది.

"ఏసిన," అంది అరుంధతి.

"ఎయ్యలే. నేను చూస్తనే ఉన్న."

"ఏసిన అంటున్న గద. నువ్వు ఫోన్ల చూసినవ్."

ఉగాదినాడు సాయంత్రం ఎండ దిగాక కృష్ణకాంత్ ఉంటున్న ఇంటి ముందు చాపలు పరిచారు. ఆయనకు అదే రోజు గుఢీ పాడ్వా, మరాఠీవాళ్ల ఉగాది. వెదురు కర్రకు జరీ గుడ్డ కట్టి, చక్కెర బిళ్లల దండ వేసి, పైన రాగి చెంబు బోర్లించి, ఆ గుఢీని అరుగు పక్కన నిలబెట్టాడు. ఆ నీడలోనే వాడవాళ్ల పళ్లేలు వరుసగా కూర్చున్నాయి. అరుంధతి తన పళ్లెం తీసుకుపోయి మధ్యలో పెట్టింది. నాలుగు రంగుల కుడుములు, మధ్యన ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు. ఒక్క క్షణం అందరూ దాన్నే చూశారు. తరువాత అందరూ మరో పళ్లేన్ని చూశారు.

వంకలు మొదలయ్యాయి.

"ఆగమ్మా, ఇవి సకినాలా గాజులా? నా బిడ్డ చేతికి పట్టేటట్టున్నయి."

"ఈ పోలె ఎవలిది? పూర్ణం లోపటున్నదా, ఇంట్ల మరిసొచ్చినవా?"

"కృష్ణకాంతూ, గీ శ్రీఖండ్ దుకాణంల కొన్నవు. దీనికేం వంక పెట్టాలె, డబ్బ మూతకా?"

కృష్ణకాంత్ సంతోషంగా తల ఊపాడు. ఆయన పళ్లేనికి వంక రావడం మొదలయ్యాక ఆయన బదిలీకి అర్జీ పెట్టడం మానేశాడు.

చేతులు ఒక్కొక్కటిగా అరుంధతి పళ్లెం దగ్గరికి వచ్చాయి. ఆమె ఎవరెవరు పచ్చది తీస్తున్నారో చూస్తూ కూర్చుంది. ఆగమ్మ తీసింది. నమిలింది. నమలడం కాస్త నెమ్మదించింది. "రంగులు మంచిగొచ్చినయి," అంది.

"రుచి?" అంది అరుంధతి.

"రుచి గూడ మంచిగనే ఉన్నది."

జగ్గయ్య తిన్నాడు. ఆవిరి ఆరోగ్యానికి మేలన్నాడు. సింధూజ ఒకటి తిని, అరుంధతి వైపు చూడకుండా, "బాగున్నయి అత్తమ్మా," అంది. కృష్ణకాంత్ నోట్లో వేసుకుని, రెండుసార్లు నమిలి, కనుబొమ్మలు పైకెత్తాడు. "వైనీ, ఇందుల మీఠ్..." అని మొదలుపెట్టాడు. ఆయన మరాఠీలో వైనీ అంటే వదిన, మీఠ్ అంటే ఉప్పు. జగ్గయ్య చెయ్యి చాప మీదుగా పోయి ఆయన మోకాలిని పట్టుకుంది. కృష్ణకాంత్ మింగాడు. "మీఠ్... ఉన్నది," అన్నాడు.

ఇక నర్సక్క మిగిలింది. అరుంధతి ఆశంతా ఆమె మీదే. నర్సక్క పచ్చ కుడుము తీసి, సగం కొరికి, మిగతా సగాన్ని చూసి, అదీ నోట్లో వేసుకుంది. గుఢీకి కట్టిన గుడ్డ గాలికి రెపరెపలాడింది.

"మంచిగున్నది పిల్లా," అంది నర్సక్క, దూరంగా ఏటివైపు చూస్తూ. "ఇంకొకటి తింట." నిజంగానే ఇంకొకటి తీసుకుంది.

ఉప్పు లేని కుడుమును ఒకటి తినడం మర్యాద. రెండు తినడం చూశాక అరుంధతికి అర్థమైంది, వీళ్లు మట్టి పెట్టినా తింటారు. ఏడాది నిండినా ఇంతే. తను కూడా ఇన్ని నెలలూ వాళ్ల మెత్తటి మాటలకు మెత్తగానే జవాబిచ్చింది, వాళ్లు తెచ్చి పెట్టినవి కళ్లు దించుకుని తిన్నది, నోరెత్తలేదు. వాళ్లు ఆమెను పరాయిదానిలా చూశారు, ఆమె కూడా పరాయిదానిలాగే కూర్చుంది.

ఆమె చెయ్యి చాచి సింధూజ చేసిన రోల్ ఒకటి తీసుకుంది. పల్చటి మైదా పొరలో మూడు రంగుల బెంగళూరు మిరప తురుము చుట్టి వేయించినది. కొరికింది.

"సింధూజా," అంది. "ఇదేందే? పిండిన గుడ్డ లెక్కున్నది. ఆరేసినంక తేవద్దా?"

సింధూజ జవాబిచ్చేలోపే అరుంధతి ఆగమ్మ వైపు తిరిగింది.

"ఆగమ్మా, నీ సకినాల్ల వాము లేదు. పోయినేడు లేదు, అంతకుముందు లేదు. వామేమన్న నీ సవితా? కాకా, మీ ఇంటి పోలె చూస్తే అట్టకు అట్ట, చదివి పక్కన పెట్టుకోవచ్చు. వదినె, నీ గారెలు నూనెల మునిగినయి గని ఇంక తేలలే. పిండితె మా ఇంట్ల వారం దీపం పెట్టుకోవచ్చు."

ఎవరింట్లోనో కుక్కర్ ఈల వేసి ఊరుకుంది. ఏడాది నిండని మనిషి పండుగ చాప మీద కూర్చుని నలుగురి వంటకూ వంకలు పెట్టడం ఆ వాడ ఇంతకుముందు చూడలేదు. తప్పో కాదో చెప్పాల్సిన జగ్గయ్య తన పోలెను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏందే?" అంది నర్సక్క. "ఏందే నువ్వనేది? ఉప్పు లేని కుడుములు తెచ్చి మా ముందల పెట్టి, మా గారెల్ల నూనె పిండుతవా?"

"ఉప్పు లేదా? మంచిగున్నదంటివి గద ఇప్పుడే. రెండు తింటివి."

"నీ మొఖం జూసి తిన్న!"

"నా మొఖం జూసి ఎవలు తినుమన్నరు? కుడుము జూసి తినుమన్న."

"మీఠ్ లేదు వైనీ!" అన్నాడు కృష్ణకాంత్ ఒక్కసారిగా, ఊపిరి తీసుకున్నవాడిలా. "నేను చెప్తనే ఉన్న, గురూజీ నా మోకాలు పట్టిండు!"

"నేను అప్పుడే చెప్పిన ఉప్పెయ్యలేదని," అంది సింధూజ. "ఏసిన అని నన్నే అన్నవ్. నా ఫోన్ మీదికి తెచ్చినవ్."

తరువాత ఎవరిది ముందో ఎవరిది వెనకో తెలియలేదు. నీలం కుడుము సిరాబుడ్డి మూతలా ఉందని ఆగమ్మ అంది. శంఖపూలు గర్భిణులు తినొచ్చో లేదో కనుక్కోకుండా పండుగ పళ్లెంలో ఎలా పెడతావని జగ్గయ్య అడిగాడు. గర్భిణి ఎవరో చూపించమని అరుంధతి అడిగింది. కార్తీకంలో నల్లా దగ్గర బిందె అడ్డం పెట్టిన సంగతి, చీపురు గుమ్మంలో వదిలిన సంగతి, వంకాయ కూర మాడిన సంగతి, పది నెలలుగా అందరి నోళ్లలోనూ ఆగి ఉన్నవన్నీ చాప మీదికి వచ్చి పడ్డాయి. అరుంధతి ఒక్కదానికీ జవాబు బాకీ పెట్టలేదు.

నర్సక్క మాత్రం మధ్యలో ఆగిపోయింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. ఏదో అనాలా వద్దా అని చూసి, అనేసింది.

"నా తమ్ముని దినం నాడు అన్నం పలుకున్నది."

అది ఎవరూ ఎవరితోనూ అనే మాట కాదు. అరుంధతి ఆమె వైపే చూసింది.

"పలుకున్నది," అంది. "నాకు తెల్సు. ఎవలన్న అంటరేమో అని చూసిన. అందరు వంచిన తల ఎత్తకుంట తిన్నరు."

"చారుల నీళ్లు కలిపిండ్రు."

"కలిపిండ్రు."

"ఆడుంటే ఇస్తరాకు ముందటికెల్లి లేచి పోయెటోడు."

"ఏం పోడు. అక్కడ్నే కూసోని పొద్దుమూకేదాక అంటుండె. నీకేం తెల్సు వదినె, నువ్వు పండుగకొకనాడు పెట్టినవ్, నేను దినాం పెట్టిన."

"నాకేం తెల్వదా? ఆడు నా సంకల పెరిగిండే! నేను గంజి పోస్తె గిన్నె చూసి మొఖం తిప్పెటోడు, ఇంత పిల్లగాడు. పడవ మీద తిరిగే ఇంట్ల ఎవల్కి లేని నాలుక వానికెక్కడిదని మా అవ్వ ఏడ్సేది."

"ఈ ముచ్చట నాకెన్నడు చెప్పకపోతివి."

"నువ్వడిగినవా? నువ్వు నోట్ల నాలుక లేనిదాని లెక్క కూసుంటివి ఇన్నొద్దులు. నీతోని ఏం మాట్లాడాలె?"

అరుంధతి చాప మీద కాస్త జరిగింది. నర్సక్క మోకాళ్ల మీద చేతులానించి లేచి, పళ్లేలు దాటి వచ్చి, ఆ ఖాళీలో కూర్చుంది. చీర సర్దుకుంది. ఇంకా చాలా ఉన్నాయని ఆమె కూర్చున్న తీరు చూస్తేనే తెలుస్తోంది.

"మొదలు ఆ టెంటోని సంగతి చెప్త విను," అంది. "ఆ దినం నాడు నీడ ఎటున్నది, వాడు టెంటు ఎటేసిండు?"